జాయ్‌స్టిక్కుల సంచితో నరసాపురం దాకా

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అంటే ఏదో ఆలోచించి తీసుకున్న నిర్ణయంలా వినిపిస్తుంది గానీ, నేను రావడం లేదని మా బళ్ళో గమనించడానికే రెండు వారాలు పట్టింది. పెద్దయ్యాక తాడిపత్రిలో వీడియో గేముల కొట్టు పెట్టాను. ఒక గది, నాలుగు టీవీలు, గంటకు పది రూపాయలు. ఊళ్ళో పిల్లల్ని చెడగొట్టేవాళ్ళ జాబితా ఎవరైనా రాస్తే మొదటి పేరు ఓబులేసు అని నాదే ఉండేది. తర్వాత ఫోన్లు వచ్చి ఆ పని నాకంటే శ్రద్ధగా చేయడం మొదలుపెట్టాయి. కొట్టు మూసేసి ఇప్పుడు మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసుకుంటున్నాను.

అలాంటివాణ్ణి మొన్న డిసెంబరులో ఒక ప్రభుత్వ బడి పిలిచింది. ఎలాగంటే, ఒక రోజు ఏమీ తోచక పాత జాయ్‌స్టిక్కుకు కొత్త వైరు వేసి కంప్యూటరుకు తగిలించాను. ఎలా చేశానో వీడియో తీసి అందరూ చూసేలా పెట్టాను. నూట పదకొండు సార్లు చూశారు. అందులో ఇరవై సార్లు నేనే. మిగిలినవాళ్ళలో ఒకరు నరసాపురం దగ్గర చేపల వేటగాళ్ళ పల్లెలో లెక్కల టీచరు, సునందగారు. ఆవిడ ఫోన్ చేసి, “నమస్కారమండి. అలాంటివి ఆరు చేసివ్వగలరా అండీ? పిల్లలకి లెక్కలు చెప్పుకోవాలండి” అన్నారు. మూడు వాక్యాలు, మూడు అండీలు. మా వైపు పెళ్ళికొడుక్కి కూడా ఇంత మర్యాద దొరకదు. పార్సిల్లో పంపితే విరుగుతాయని వంక పెట్టి నేనే బయలుదేరాను. గోదావరి ఎప్పుడూ చూడలేదన్నది అసలు కారణం.

రాజమండ్రి: పడవల ఆటంటే ఎవర్ని కాలుస్తారు?

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. భుజాన సంచి. అందులో ఆరు జాయ్‌స్టిక్కులు, టంకం కడ్డీ, వైర్ల చుట్టలు. ఒక వైరు సంచిలోంచి తోకలా వేలాడుతోంది. ఆటో డ్రైవరు అద్దంలో నన్ను చూడడం మానేసి దాన్నే చూస్తున్నాడు.

“ఏంటండీ బాబూ ఆ సంచిలో?”

“వీడియో గేములాడే జాయ్‌స్టిక్కులు. బడికి తీసుకెళ్తున్నాను.”

ఆటో రోడ్డు పక్కకి ఆగింది. “బడికా? మావాడు ఫోన్లో తుపాకులు కాల్చుకుంటా అన్నం తినడం మర్చిపోతన్నాడండి. మీరు బళ్ళోకి కూడా తీసుకెళ్ళిపోతే ఇంకేం మిగుల్తుందండి?”

ఎవరితోనైనా మాటకు మాట అప్పజెప్పడం నాకున్న ఒకే ఒక్క డిగ్రీ. కానీ అప్పుడు అది పనికిరాలేదు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నా కొట్టులోనూ అన్నం వేళ మర్చిపోయిన పిల్లలుండేవారు. వాళ్ళను ఇంటికి తోలి, ఆ ఖాళీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టినవాణ్ణి నేనే.

“ఇది తుపాకులాట కాదంట అన్నా, పడవలాట. టీచరమ్మ ఫోన్లో చెప్పింది” అన్నాను.

“పడవలా? అందులో ఎవర్ని కాలుస్తారండి?”

“ఎవర్నీ కాల్చరు. రేవు చేరాలి.”

“అంతేనా?” అన్నాడు. కొడుకు కంటే తండ్రికే ఎక్కువ నిరాశ కలిగినట్టుంది.

టిఫిను ఎక్కడ బాగుంటుందని అడిగితే తనే తీసుకెళ్ళి, నా పక్కన కూర్చుని, పెసరట్టులో ఉప్మా పెట్టించాడు. మాకు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇక్కడ అట్టులో ఉప్మా, దానికి తోడు అల్లప్పచ్చడి. అది నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది. పొరపాటున బెల్లం పడిందేమోనని సర్వరును పిలిచి మెల్లగా చెవిలో చెప్పాను, పదిమందిలో వాళ్ళ పరువు తీయడం ఎందుకని. ఆయన కూడా అంతే మెల్లగా, “పొరపాటు కాదండి, కావాలనే వేశారండి” అని ఇంకో గరిటె వేసి వెళ్ళాడు. పెసరట్టు అరవై రూపాయలు. దిగేటప్పుడు డ్రైవరు, “ఆ రేవు చేరే ఆటేదో మావాడిక్కూడా పనికొస్తాదేమో కనుక్కోండి” అని నా నంబరు రాసుకున్నాడు.

కొవ్వూరు: తేగ తినే పద్ధతి

వంతెన మీద బస్సు వెళ్తుంటే కిటికీలోంచి తల బయటికి పెట్టాను. మా పెన్నలో ఎంత వెడల్పున ఇసుక కనిపిస్తుందో, అంతకు ఎన్నో రెట్లు ఇక్కడ నీళ్ళు. పక్కసీటాయన ఒక్కసారి కూడా బయటికి చూడకుండా పేపరు చదువుకుంటున్నాడు. కడుపు నిండినవాడు పెళ్ళి భోజనం ముందు కూర్చున్నట్టున్నాడు.

కొవ్వూరు బస్టాండులో ఒక పెద్దావిడ తేగలు అమ్ముతోంది. కట్ట నలభై రూపాయలు. తాటి టెంకల్ని మట్టిలో పాతితే వచ్చే మొలకలు అవి, కుండలో పెట్టి కాలుస్తారు. నేను ముల్లంగి కొరికినట్టు అడ్డంగా కొరికాను. నోరంతా పీచు. ఉమ్మలేను, మింగలేను.

“ఏ ఊరు బాబూ మీది?” అంది పెద్దావిడ, జాలిగా.

నోరు ఖాళీ లేక చేత్తో ఎటో చూపించాను.

“ఇటివ్వండి” అని తేగను నా చేతిలోంచి తీసుకుని నిలువునా రెండుగా చీల్చి, పైపొర ఒలిచి, మధ్యలో ఉన్న సన్నటి లేత మొలకను విడిగా నా అరచేతిలో పెట్టింది. “ముందిది తినండి. మా మనవలు దీని కోసం కొట్టుకుంటారు.” తర్వాత ఇంకో తేగ నా చేతికిచ్చి, “ఇప్పుడు మీరు ఒలవండి” అంది. ఒలిచాను. వంకరగా చీలింది. ఇంకోటిచ్చింది. బస్సు వచ్చేదాకా మూడు చీల్చాను. మూడోది చూసి, “ఆ, వచ్చేసింది” అని బేరంలోకి వెళ్ళిపోయింది. నాకెవరైనా ఏదైనా ఇంత ఓపిగ్గా నేర్పి ఎన్నేళ్ళయిందో అనుకుంటూ బస్సెక్కాను.

నరసాపురం రేవు: నీళ్ళు ఎటు వెళ్తున్నాయి?

దారంతా కాలవలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువుల్లో గిరగిరా నీళ్ళు చిమ్మే చక్రాలు. మా ఊళ్ళో బిందెలు వరసలో నిలబడి నీళ్ళ కోసం చూస్తాయి. ఇక్కడ నీళ్ళే రోడ్డు పక్కన వరసలో నిలబడి మన కోసం చూస్తున్నట్టున్నాయి.

సునందగారు రేవు దగ్గర ఎదురొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. సంచి అందుకుని మొదట జాయ్‌స్టిక్కులు లెక్కపెట్టుకుని, తర్వాత నన్ను పలకరించారు. ఇంకా వెలుతురుంది కదా, పంటెక్కి ఒకసారి అవతలి ఒడ్డుకు వెళ్ళొద్దామన్నారు. పంటంటే మనుషుల్నీ బైకుల్నీ మేకల్నీ ఒకేలా చూసే పెద్ద బల్లకట్టు. గోదావరి మధ్యకొచ్చాక, నాకూ కొంచెం తెలుసని చూపించుకోవాలి కదా, “సముద్రం అటుంది కాబట్టి నీళ్ళు అటు పరిగెడుతున్నాయి” అన్నాను.

పంటు నడిపేవాడు వెనక్కి తిరిగాడు. “కళ్ళజోడు పెట్టించుకోండి బాబూ. ఇప్పుడు పోటండి. ఆ కొబ్బరి డొక్క ఎటెళ్తందో చూడండి.”

డొక్క నిజంగానే ఎగువకు వెళ్తోంది. సముద్రం పొంగినప్పుడు నీళ్ళు వెనక్కి, నదిలోకి తన్నుకొస్తాయట. అది పోటు. తగ్గినప్పుడు మళ్ళీ సముద్రంలోకి లాగుతాయి. అది పాటు. పంటంతా నవ్వింది. మేక కూడా నా వైపే చూసింది.

“మా ఆటంతా ఇదేనండి” అన్నారు సునందగారు. ఆవిడా పిల్లలూ కలిసి ఖాళీ పీరియడ్లలో ఆ ఆట తయారు చేశారు. రేవు సున్నా. దిగువకు, అంటే సముద్రం వైపు వెళ్తే ప్లస్. ఎగువకు వెళ్తే మైనస్. పోటో పాటో పడవను ఒక పక్కకు నెడుతుంది. సరైన అంకె ఎంచుకుంటే పడవ తిరిగి రేవు చేరుతుంది, తప్పితే ఇసుక మేట ఎక్కుతుంది. ఆటకు మూడు పడవలు. పోటు ఎంత నెడుతుందో, మేటలు ఎక్కడుంటాయో చెప్పింది పిల్లలే, వాళ్ళ నాన్నలనడిగి. కానీ ఉన్నది ఒక్క కంప్యూటరు, ఒక్క కీబోర్డు. ఒకరు ఆడుతుంటే ముప్పైమంది చూస్తూ కూర్చుంటున్నారు. అందుకే ఆరు జాయ్‌స్టిక్కులు.

ఒడ్డుకొచ్చాక ఆవిడ అసలు సంగతి చెప్పారు. ఎనిమిదో తరగతిలో దుర్గ అనే పిల్ల ఉంది. పోయినేడాది లెక్కల్లో సున్నా వస్తే, ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచేసి బడికి రావడం మానేసింది. శనివారం శనివారం ఆట ఉందని తెలిసి ఈ ఏడు మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ సంగతి వాళ్ళమ్మకు తెలిసింది. ఆటల కోసమైతే బడెందుకు, ఇంట్లో లేసు అల్లుకోమంటోంది.

“రేపు చూడ్డానికి రమ్మన్నానండి. ఒప్పుకోకపోతే సోమవారం నుంచి దుర్గ రాదు. బయటి ఊరి నుంచి నాలుగు విషయాలు తెలిసినవారు మీరొచ్చారు కదా, మీరూ రెండు ముక్కలు చెప్పండి. ఇంతకీ మీరేం చదివారండి?”

చెప్పాను. ఎనిమిదిలో మానేశానని, తర్వాత గేముల కొట్టు పెట్టానని.

సునందగారు సంచి విప్పి జాయ్‌స్టిక్కులు ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు. “పోనీలెండి” అన్నారు చివరికి.

శనివారం: సత్యవతిగారి పరీక్ష

బళ్ళో ప్రొజెక్టరు వెలుగుకు గోడ మీద నీలంగా నది పడింది. ఆరు జట్లు. గదిలో గోల ఎంతుందంటే, నా కొట్టు మళ్ళీ తెరిచినట్టుంది. తేడా ఏంటంటే, నా కొట్టులో “కొట్రా, కొట్రా” అని అరిచేవారు, ఇక్కడ “మైనస్సే, మైనస్సే!” అని అరుస్తున్నారు. నన్నూ ఆడమన్నారు. నిన్న పంటు మీద నేర్చుకున్న చదువంతా మర్చిపోయి పోటుకు ఎదురు నడపాల్సింది దాంతోపాటే నడిపాను. మూడు పడవలూ మేటెక్కాయి. “అంకుల్, ఈత వచ్చా మీకు?” అని ఒకమ్మాయి అడిగింది. చురుకైన కళ్ళు, జడకు ఎర్ర రిబ్బను. అదే దుర్గ.

పది నిమిషాల్లో ఒక బటన్ ఊడింది. విరగ్గొట్టిన జట్టునే కూర్చోబెట్టి, ఎలా తెరవాలో, ఎలా బిగించాలో చూపించాను. ఇంతలో దుర్గ వాళ్ళమ్మ సత్యవతిగారు వచ్చారు. ఒక చేతిలో దారం ఉండ, లేసు సూది. కూర్చున్నప్పుడు కూడా చేతులు ఆగలేదు.

ఆవిడ చుట్టూ చూసి నన్ను పట్టుకున్నారు. “ఇవి చేసుకొచ్చింది మీరేనంట. ఏం చదివారండి మీరు?”

సునందగారు సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నారు. ఇలాంటప్పుడు నాకు పది జోకులు తడతాయి. తట్టాయి కూడా. మింగేశాను.

“ఎనిమిదిలో మానేశానమ్మా.”

“ఆటలకి మరిగా?”

“కాదమ్మా. లెక్కల్లో సున్నా వచ్చింది. సారు బోర్డు దగ్గర నిలబెట్టి అందరికీ చూపించారు. మర్నాడు వెళ్ళబుద్ధి కాలేదు. గేముల కొట్లో కూర్చున్నాను. అక్కడా ఓడిపోయాను. కానీ అక్కడ ఓడిపోతే ఎవరూ నిలబెట్టరు కదా, మళ్ళీ ఆడతావా అంటారు. బళ్ళో ఆ మాట ఒక్కరైనా అనుంటే మానేసేవాణ్ణి కాదేమో.”

నేను అలా మాట్లాడగలనని నాకే తెలియదు. సత్యవతిగారు సూదీ దారమూ ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి చాపారు. “ఏదీ, అదిటివ్వండి.”

దుర్గ జాయ్‌స్టిక్కు ఇచ్చి పక్కన నిలబడింది. ఆవిడ మొదటి పడవ మేటెక్కింది. ఎవరూ నవ్వలేదు. పడవ తిరిగి బయలుదేరిన చోటికి వచ్చింది.

“అంటే తప్పిన కాడికి వెనక్కొచ్చి, మళ్ళీ మొదలెట్టడమా?”

“అవునండి” అన్నారు సునందగారు.

“లేసులోనూ అంతే కదండి. ఒక గొలుసు తప్పిందనుకోండి, అక్కడిదాకా లాగేసి మళ్ళీ అల్లుకోవడమే. పదిసార్లు లాగినా దారం ఏమీ అనదు.” రెండో పడవ రేవు చేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం నవ్వకుండా జాయ్‌స్టిక్కు కింద పెట్టేశారు. “అయితే ఏంటండి? గోడ మీద వచ్చింది కాగితం మీద రావాలి కదా. పోయినేడు సున్నా తెచ్చుకున్న లెక్కలే ఇవ్వండి. చేస్తదేమో చూస్తాను.”

నేనైతే అక్కణ్ణుంచి పారిపోయేవాణ్ణి. సునందగారు ఒక కాగితం మీద రాసిచ్చారు: మైనస్ ఏడు ప్లస్ నాలుగు ఎంత? దుర్గ బల్ల మీద వంగింది. మేమందరం ఆ పెన్సిలునే చూస్తున్నాం. మైనస్ పదకొండు అని రాసింది.

తప్పు. నాకు తెలియదు గానీ, సునందగారి మొహం చూస్తే తెలిసింది. దుర్గ ఆ మొహాన్ని చూసింది. పెదవి కొరుక్కుంది. ఇప్పుడు కాగితం నలిపేస్తుందనుకున్నాను. నలపలేదు. పక్కన ఒక గీత గీసి, మధ్యలో సున్నా పెట్టి, వేలితో పాకించింది. పోటుకు ఏడు ఎగువకు. ఇంజనుతో నాలుగు దిగువకు. వేలు ఆగిన చోటు చూసి పకపకా నవ్వింది.

“పదకొండేంటే అమ్మా! పదకొండైతే పడవ ఆనకట్ట కూడా దాటేసి కొవ్వూరెళ్ళిపోద్ది!”

కొట్టేసి, మైనస్ మూడు అని రాసింది. సత్యవతిగారు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశారు. కింద రాసిన సరైన అంకెను కాదు, పైన కొట్టేసినదాన్ని చాలాసేపు చూశారు.

“సోమవారం పంపిస్తానండి” అన్నారు లేస్తూ. “ఫోన్లో మాత్రం ఒద్దు. ఆడితే బళ్ళోనే ఆడాలి. శనివారం శనివారం నేనొచ్చి చూస్తాను.”

“చూడ్డానికా అమ్మా, ఆడ్డానికా?” అన్నాను.

“మీకెందుకండీ?” అని మొదటిసారి నవ్వారు.

ఆదివారం: పండుగప్ప పులుసు

మర్నాడు సత్యవతిగారింట్లో భోజనం. వాళ్ళాయన వేటకెళ్ళారు, ఇంకో రోజుకు గానీ రారట. వద్దన్నకొద్దీ వడ్డించడం ఇక్కడి అలవాటు. మా వైపు వద్దంటే వద్దే, అడిగినవాళ్ళు హాయిగా తీసుకెళ్ళిపోతారు. పండుగప్ప పులుసు మూడోసారి వేసినప్పుడు ముల్లు గొంతులో దిగింది. అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమన్నారు. మింగాను. దుర్గ నీళ్ళు పట్టుకుని నిలబడి, “మీ ఊళ్ళో చేపలుండవా అంకుల్?” అంది.

“ఉంటాయి. ఐసులో పడుకుని.”

పిల్ల అవతలికి వెళ్ళాక సత్యవతిగారు గొంతు తగ్గించారు. “పంపిస్తానన్నాను గానండి, నాకొకటే బెంగ. సోమవారం ఆట ఉండదు కదా. ఉత్త పాఠమే. అప్పుడు కూర్చుంటదంటారా?”

ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. పిల్లలు రంగుల తెర ముందు కూర్చుంటారని చెప్పడానికి నేనెందుకు, నా పాత కొట్టు చాలు. నల్లబోర్డు ముందు కూర్చోవాలి. నాకు తెలియదని చెప్పాను. ఆదివారం రైలెక్కాల్సినవాణ్ణి, సోమవారం సాయంత్రానికి మార్చుకున్నాను.

సోమవారం: చివరి బెంచీ

సునందగారు చివరి బెంచీ చూపించి ఒక నోటు పుస్తకం ఇచ్చారు. బెంచీ నా మోకాళ్ళను లోపలికి రానివ్వలేదు. అడ్డంగా కూర్చున్నాను. ప్రొజెక్టరు మీద గుడ్డ కప్పేసి ఉంది. హాజరు పిలిచారు. దుర్గ పేరు వచ్చేసరికి నేనే ముందుకు వంగాను. “ప్రెజెంట్ టీచర్” అంది, నా ముందు బెంచీలోంచి, నా బెంగ తనకేమీ తెలియనట్టు.

బోర్డు, సుద్దముక్క, అంతే. ఎండ కిటికీలోంచి జరుగుతోంది. ఇద్దరు ముగ్గురు ఆవలించారు. నేనూ ఒకటి ఆవలించాను. దుర్గ మాత్రం పుస్తకం అంచున గీతలు గీసుకుంటూ చేస్తోంది. చివరి లెక్క: మైనస్ రెండు ప్లస్ తొమ్మిది మైనస్ పన్నెండు. నేను పందొమ్మిది అని రాశాను. పెద్ద అంకె రాస్తే మర్యాదగా ఉంటుందని.

దుర్గ వెనక్కి తిరిగి చూసింది. “తప్పు అంకుల్.”

“తెలుసు.”

“తెలిస్తే ఎందుకు రాశారు?”

నన్ను మాటల్లో ఓడించినవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, ఇప్పుడు ముగ్గురయ్యారు. దుర్గ నా పుస్తకం తన వైపు తిప్పుకుని, అందులో ఒక గీత గీసి మధ్యలో సున్నా పెట్టింది. “పందొమ్మిది కొట్టెయ్యండి. పర్లేదు. ఎక్కణ్ణుంచి బయలుదేరాలి?”

“మైనస్ రెండు.” వేలు పెట్టాను. దిగువకు తొమ్మిది లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి పన్నెండు ఎగువకు తిప్పాను. ఒకటి, రెండు, మూడు.

అప్పుడే మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పళ్ళేలు ఖణఖణమన్నాయి. గది ఒక్కసారిగా ఖాళీ అయింది. గుమ్మం దగ్గర స్నేహితురాళ్ళు “దుర్గా, రావే!” అని కేకేశారు.

“మీరెళ్ళండే, వస్తాను” అంది దుర్గ, కదలకుండా. నా వేలి వైపే చూస్తోంది. “మూడయ్యాయి అంకుల్. ఇంకా తొమ్మిదున్నాయి. కానివ్వండి.”